విద్యుదార్గను, దాని నోరు

ఐరోపాఖండమునందలి పెద్ద చర్చీలలో పైపు ఆర్గనును తొలిసారి చూచువానికి అది వాద్యమని తోచుటకు ముందు భవనములో నొక భాగమని తోచును. ఒక గోడనంతయు నాక్రమించి నేలనుండి కప్పుదాక నిలువుగా నిలిచిన లోహపు గొట్టములును, వాని వెనుక కంటికి గానరాక కఱ్ఱపలకలతో గట్టిన మఱింత పెద్ద గొట్టములును, వానికన్నిటికి గాలి నందించు తిత్తులును ఆ గోడతో, ఆ కప్పుతో కలిసి పెరిగినట్లే యుండును. అందు ప్రతి గొట్టమునకును దాని నోరు దానికే కలదు. 32 అడుగుల పొడవుగల మంద్రస్థాయి గొట్టము మొదలు పెన్సిలుకంటె పొట్టిదైన తారస్థాయి గొట్టము వఱకు వేలకొలది నోళ్లు, కొన్ని ప్రక్కప్రక్కనే, కొన్ని గజముల కొలది ఎడముతో, కొన్ని ఎత్తున, కొన్ని మఱుగున నుండి, తమతమ నాదమును వేఱువేఱుగా గాలిలోనికి విడుచుచుండగా, ఆ నాదములు గోడలను దాకి, కప్పును దాకి, ఒకదానితో నొకటి పెనవేసికొని, వినువాని చెవిని చేరునప్పటికి ఏది యెచ్చటనుండి వచ్చినదో చెప్పరాని స్థితిలో నుండును. గొట్టములను కర్మశాలలోనే చేసినను వాని కంఠములను తుదిసారి సవరించు పని మాత్రము ఆ మందిరములోనే జరుగును. ఆ పనివాడు ఒక్కొక్క గొట్టపు పెదవిని కొంచెము వంచియో, గాలి చొచ్చు రంధ్రమును కొంచెము పెంచియో, మీటను నొక్కించి విని మఱల సవరించును. అతడు సవరించునది గొట్టమును మాత్రమే కాదు, ఆ గొట్టమును ఆ మందిరమును కలిసి పలుకు పలుకును.

ఇరువదవ శతాబ్దమున గొట్టములును తిత్తులును లేని ఆర్గనులు పుట్టినవి. వీనిలో నాదము గాలిలో బుట్టదు. తీగెలో విద్యుత్ప్రవాహపు కదలికగా బుట్టును. అది చెవికి వినబడవలెనన్న లౌడుస్పీకరనెడి ద్వారముగుండ వెలికి రావలెను. వేల నోళ్లు చేయుచుండిన పనిని ఒకటి రెండు నోళ్లు చేయవలసి వచ్చెనన్నమాట. ఆ నోటిని ఎచ్చట నుంచవలెను, ఎంత యెత్తున నుంచవలెను, ఏ దిక్కునకు త్రిప్పవలెను అను ప్రశ్నలు తొలినాటి నిర్మాతలకు, వాద్యము అమ్ముడుపోయిన పిమ్మట వడ్రంగితో మాటాడుకొనదగిన చిల్లర విషయములుగా దోచినవి. ఆ చిల్లర విషయమే వాద్యములో సగమని తెలిసివచ్చుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను. ఆ తెలివిడియు పండితులవలన గాక, రేడియోలు బాగుచేసికొనుచు బ్రదుకుచుండిన యొక మెకానిక్కువలన గలిగెను.

ఈ కథకు మూలము జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జు 1863 లో ప్రకటించిన శబ్దశాస్త్ర గ్రంథము. ఏ వాద్యపు స్వరమైనను ఒక మూలస్వరమును, దానికి రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లు వేగముతో గంపించు ఉపస్వరములును కలిసిన మిశ్రమమే యనియు, ఆ పాళ్లలోని భేదమే పిల్లనగ్రోవికిని ఫిడేలుకును గల భేదమనియు ఆయన వివరించెను. ఈ సిద్ధాంతము విన్న యంత్రజ్ఞునకు, పాళ్లు తెలిసినచో ఏ స్వరమునైనను తయారుచేయవచ్చునుగదా యని తోచుట సహజము. అమెరికాదేశమున థాడియస్ కాహిల్ అను నతడు 1897 లో పేటెంటు పొందిన టెల్‌హార్మోనియమునకు ఇదియే పునాది. డైనమోల సముదాయముతో స్వరములను బుట్టించు నా యంత్రమును, సుమారు 200 టన్నుల బరువు తూగుదానిని, మసాచుసెట్సు రాష్ట్రములోని హోలియోకు పట్టణమున నిర్మించి, 1906 లో న్యూయార్కునకు తరలించి, బ్రాడ్వే వీధిలోని యొక భవనమున నెలకొల్పి, దాని సంగీతమును టెలిఫోను తీగెలగుండ హోటళ్లకును చందాదారులకును పంపిరి. ధ్వనిని పెంచు ఆంప్లిఫయరు ఆనాటికింకను వాడుకలోనికి రాలేదు. కావున యంత్రము పుట్టించు విద్యుత్తే నేరుగ దూరమున నున్న టెలిఫోను రిసీవరును కదల్పవలసియుండెను. ఆ రిసీవరునకు గరాటవంటి హారను నొకదానిని తగిలించి, హాలులోని అలంకరణల చాటున దాచియుంచిరి. 200 టన్నుల యంత్రమునకు నోరు ఆ గరాట! అంత బలమైన విద్యుత్తు తీగెలలో బాఱుటచే ప్రక్కతీగెలలో మాటాడుకొనువారి సంభాషణలలోనికి సంగీతము చొరబడి ఫిర్యాదులు వచ్చినవి. కొలది యేండ్లకే ఆ సంరంభమంతయు సద్దుమణిగెను.

ఇంచుమించుగ నాకాలముననే మఱొకచోట వేఱొక పరిశోధన జరుగుచుండెను. 1895 లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు క్రొత్తగ దెఱచిన ఫాగ్ మ్యూజియములోని ఉపన్యాసశాలలో ఉపన్యాసకుని మాట స్పష్టముగ వినబడకపోవుటచేత, దానిని బాగుచేయు పనిని వాలెస్ సాబిన్ అను యువ భౌతికశాస్త్రాధ్యాపకునకు అప్పగించిరి. అతడు రాత్రివేళల, వీధులలో సందడి అణగిన పిమ్మట, ఒక ఆర్గను గొట్టమును మ్రోగించి, ఆపి, ఆ నాదము చెవికి వినరాకపోవుటకు ఎంతకాలము పట్టునో కొలుచుచుండెను. ఖాళీ శాలలో ఆ కాలము సుమారు అయిదున్నర సెకండ్లు. సాండర్స్ థియేటరులోని ఆసనముల దిండ్లను మోయించి తెచ్చి శాలలో పఱచిన కొలది ఆ కాలము తఱిగిపోవుచుండెను. తెల్లవాఱకముందే ఆ దిండ్లను మఱల మోయించి యథాస్థానమున జేర్చవలసియుండెను. ఈ దిండ్ల మోతనుండియే, గది ఘనపరిమాణమును బట్టియు, అందలి వస్తువులు ధ్వనిని మ్రింగు శక్తిని బట్టియు, నాదము గదిలో నెంతకాలము నిలుచునో లెక్కగట్టు సూత్రము పుట్టెను. 1900 లో తెఱచిన బోస్టను సింఫనీ హాలు నిర్మాణమున ఆ సూత్రము తోడ్పడినది. స్వరములో నేమున్నదో హెల్మ్‌హోల్ట్‌జు చెప్పగా, ఆ స్వరము గదిలో బడిన పిమ్మట ఏమగునో సాబిన్ చెప్పెను. విద్యుదార్గను నిర్మాతలు మొదటివాని గ్రంథమును కంఠస్థము చేసిరి గాని రెండవవాని దిండ్ల సంగతి పట్టించుకొన్నట్లు కనబడదు.

లారెన్స్ హామండు సంగీతజ్ఞుడు కాడు; వాద్యము వాయించుటయు నెఱుగడు. 1895 లో ఇల్లినాయి రాష్ట్రములోని ఇవాన్‌స్టనున బుట్టి, కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివి, విద్యుద్గడియారముల వ్యాపారముతో చికాగో నగరమున పేరు గడించినవాడు. ఆ గడియారములలోని మోటారు కరెంటులోని స్పందనలతో అడుగు కలిపి తిరుగును. సెకండునకు 60 స్పందనలుగల అమెరికా కరెంటు ఎంత నిలకడగ నుండునో గడియారమును అంత నిలకడగ నుండును. ఆర్థికమాంద్యము వచ్చి గడియారములు కొనువారు కఱవైనపుడు, పేకముక్కలను తానే కలిపి పంచు బల్లనొకదానిని 1932 లో తయారుచేసి అమ్మి, సంస్థను కొంత నిలబెట్టుకొనెను. పిమ్మట, ఆ నిలకడ మోటారుచేతనే స్వరములను బుట్టించిన నేమని యోచించి, పదునైదు డాలర్లు పెట్టి పాత పియానో నొకదానిని కొని, మీటల పలకను మాత్రముంచుకొని తక్కినదానినంతయు పాఱవైచెనని చెప్పుదురు.

అతడు నిర్మించిన యంత్రపు లోపలిభాగము నిజముగ చూడదగినది. పొడవైన పెట్టెలో సుమారు రెండంగుళముల వ్యాసముగల ఉక్కుచక్రములు 91 వరుసలుదీఱి యుండును. వాని యంచులు నునుపుగ నుండక మిట్టపల్లములతో నుండును. ఒక్కొక్క చక్రపు టంచునకు వెంట్రుకవాసి దూరమున, తీగెచుట్టగల అయస్కాంతపు కడ్డీ యొకటి మొన సాచియుండును. చక్రము తిరుగునపుడు మిట్ట యొకటి ఆ మొన యెదుటికి వచ్చి దాటిపోయిన ప్రతిసారియు తీగెలో విద్యుత్తు ఒకమాఱు ఉబికి తగ్గును. సెకండునకు 440 మిట్టలు దాటిపోయిన 440 స్పందనల స్వరము. నిమిషమునకు 1,200 చుట్లు తిరుగు ఒకే మోటారు, పళ్లచక్రముల సాయముతో, ఆ 91 చక్రములను వేఱువేఱు వేగములతో త్రిప్పుచుండును. మీటలకు పైన తొమ్మిదేసి లాగుడుకడ్డీల జట్లు కలవు. ఒక్కొక్క కడ్డీ యొక్కొక్క ఉపస్వరమునకు సంబంధించినది. దానిని ఎనిమిది గుర్తులలో ఎన్నవ గుర్తువఱకు లాగిన ఆ పాలు అంత. కాహిల్ 200 టన్నులతో సాధింపబోయినదానిని, ఆంప్లిఫయరు పుణ్యమా యని, హామండు ఒక పెద్ద వ్రాతబల్ల పరిమాణమునకు దించెను. 1934 జనవరిలో పేటెంటునకై అర్జీ పెట్టగా ఏప్రిలులోనే మంజూరయ్యెను. 1935 ఏప్రిలులో న్యూయార్కు ప్రదర్శనమున వాద్యము లోకమునకు పరిచయమయ్యెను. తొలుత కొన్నవారిలో మోటారుకార్ల హెన్రీ ఫోర్డును, స్వరకర్త జార్జి గెర్ష్విన్నును గలరు.

ఈ వాద్యపు గొప్పతనము శ్రుతి తప్పకపోవుట. చిక్కును అందే కలదు. నిజమైన ఆర్గనులో ఏ రెండు గొట్టములును సంపూర్ణముగ నేకీభవింపవు. చలి వేడిమినిబట్టియు, గాలి యొత్తిడినిబట్టియు వానిలో వెంట్రుకవాసి భేదము నిత్యముండును. ఆ సూక్ష్మమైన అనైకమత్యమే పెద్ద ఆర్గను నాదమునకు నిండుదనము నిచ్చునది. హామండు చక్రములన్నియు ఒకే మోటారునకు గట్టుబడినవి గనుక వానిలో నా భేదమునకు తావే లేదు. ఈ సంగతి హామండు సంస్థవారికి తెలియకపోలేదు. తెలిసియే, కొన్ని తొలి నమూనాలలో, శ్రుతికి కొంచెమెక్కువగను కొంచెము తక్కువగను పలుకు అదనపు చక్రముల పెట్టెనొకదానిని చేర్చి, నిర్దుష్టమైన యంత్రమునకు దోషమును అరువు దెచ్చి పెట్టిరి. బరువు పెరిగెను గాని కొఱత తీఱలేదు.

వాద్యమునకును స్పీకరునకును పెట్టెలు వేఱు. స్పీకర్లుగల పెట్టెను టోను క్యాబినెట్టని పిలిచెడివారు. కొన్నవారు తమకు వీలైనచోట, అనగా తఱచుగ ఖాళీ యున్న మూలలో, దానిని నిలిపెడివారు. ఇచ్చట ఒక వ్యాజ్యపు కథ చెప్పవలెను. తమ వాద్యము పైపు ఆర్గనుతో సమానమనియు, అనంతమైన స్వరభేదములను బలుకగలదనియు హామండు సంస్థ చేసిన ప్రకటనలు పైపు ఆర్గనులు కట్టువారికి కంటగింపు కాగా, అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను విచారణకు బూనుకొనెను. 1937 లో చికాగో విశ్వవిద్యాలయమందలి రాక్‌ఫెల్లరు చాపెలులో పరీక్ష జరిగెను. ఆ మందిరమున స్కిన్నరు సంస్థ కట్టిన పైపు ఆర్గను వెల సుమారు 75,000 డాలర్లు. పోటీకి నిలిచిన హామండు ఏర్పాటు వెల సుమారు 2,600 డాలర్లు. ఏది మ్రోగుచున్నదో కంటికి గానరాని విధముగ రెండిటిని మార్చిమార్చి వాయింపగా, సంగీతనిపుణులు ఇంచుమించుగ మూడింట నొకసారియు, విద్యార్థులు ఇంచుమించుగ రెంటికొకసారియు పొరబడిరి. విద్యార్థుల తీర్పు బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటె మెఱుగు కాదన్నమాట. అయినను కమిషను 1938 లో ఆ గొప్పలు ప్రకటనలనుండి మానుకొనుమని ఆజ్ఞాపించెను. సంస్థవారు మాత్రము, వ్యాజ్యమువలన గలిగిన ప్రసిద్ధియే తమకు చాలునని సంతోషించిరట.

ఈ పరీక్షనుగూర్చి వ్రాసినవారు తఱచు విస్మరించు విషయమొకటి నాకు ముఖ్యముగ దోచుచున్నది. పరీక్ష జరిగినది విశాలమైన, ఎత్తైన మందిరములో. అచ్చట స్పీకరునుండి వెలువడిన ధ్వనిలో వినువానిని సూటిగ చేరునది స్వల్పము; మిగిలినది గోడలకును కప్పునకును దాకి, నలుదెసలనుండి, క్షణభేదములతో వచ్చి కలియును. ఒక్క నోటిని వేయి నోళ్లుగ జేయు పనిని ఆ మందిరము తన నెత్తిన వేసికొనెను. అదే వాద్యమును అదే వాదకునితో సామాన్యుని ఇంటి ముందుగదిలో వాయింపించియుండిన, నిపుణుల మాట యటుండనిచ్చి పసిపిల్లవాడు సైతము భేదమును బట్టియుండెడివాడు.

సరిగ ఆ యేడే అట్టి పరీక్ష నొక సామాన్యుడు తన సొంత డబ్బుతో చేసికొనెను. డోనాల్డు లెస్లీ 1911 లో ఇల్లినాయిలోని డాన్‌విల్లున బుట్టి, పసితనముననే కాలిఫోర్నియా చేరినవాడు. లాస్ ఏంజెలిసులో రేడియోలును విద్యుద్వాద్యములును బాగుచేయువాడు. దుకాణపు విశాలమైన హాలులో హామండు ఆర్గనును విని, పైపు ఆర్గనునకు బదులు ఇది చాలునని ముచ్చటపడి, 1937 లో నొకటి కొని యింట పెట్టుకొనెను. ఇంటిలో మ్రోగించి చూడగా హాలులో విన్న నాదము లేదు. సోఫాలును, తివాసులును, తెఱలును గల చిన్నగది ధ్వనిని పుట్టినచోటనే మ్రింగివేసెను. ఎదుట నొక గుడ్డ తొడిగిన చతురము. ఆ చతురమునుండి చదునైన, కదలికలేని మోత. నలువదియేండ్ల క్రిందట సాబిన్ హార్వర్డులో దిండ్లతో చూపించినదానినే లెస్లీ తన సోఫాలతో తెలిసికొనెను.

సంస్థ పెట్టెను కొనుట కిష్టములేక, తానే స్పీకరును చేసికొన బూనెను. పైపు ఆర్గనులో ధ్వని పలుచోట్లనుండి వచ్చును గనుక, తన స్పీకరు నందును ధ్వని చోటు మాఱుచుండవలెనని అతని తలంపు. తొలుత నొక పెద్ద డ్రమ్మునకు చుట్టును 14 చిన్న స్పీకర్లను బిగించి డ్రమ్మును గిరగిర త్రిప్పించెను. ఆశించినంత ఫలము కలుగలేదు. అన్నిటిని మాన్పి ఒక్కదానినే పలికించినపుడు నాదము మెఱుగుపడెను. మిగిలిన పదుమూడును గొడవచేయుటయే గాని సాయపడుట లేదని తెలిసినపిమ్మట, స్పీకరును సయితము త్రిప్పనక్కఱలేదనియు, అది కదలకుండ నుండి దాని యెదుటి ద్వారము తిరిగిన చాలుననియు గ్రహించెను. తీసివేయుటచే బాగుపడిన వస్తువులు లోకమున నరుదు, అందులో నిదియొకటి.

పిమ్మటికాలమున స్థిరపడిన లెస్లీ పెట్టె 41 అంగుళముల ఎత్తున, పైనను క్రిందను చీలికలుగల కఱ్ఱ బీరువావలె నుండును. లోపల మూడు అరలు. పై అరలో రెండు బూరలు ఎదురెదురుగ సాచియుండును. వానిలో పలుకునది యొక్కటియే, రెండవది మూగది, బరువు సరితూగుటకై పెట్టినది. పలుకు బూరకు అడుగున డ్రైవరు స్పీకరు కదలక యుండగా, బూర మాత్రము బెల్టు సాయముతో తిరుగును. నడిమి అరలో 15 అంగుళముల మంద్రస్వరపు స్పీకరు నేలచూపు చూచుచుండును. దాని క్రింది అరలో నొక ప్రక్క తెఱచిన డ్రమ్ము బూరకు విరుద్ధదిశలో తిరుగును. సెకండునకు 800 స్పందనలకు మించిన ధ్వనులు బూరకును, తక్కినవి డ్రమ్మునకును పోవునట్లు ఏర్పాటు. బూర వేగముగ దిరుగునపుడు నిమిషమునకు సుమారు 400 చుట్లు. మెల్లగ దిరుగునపుడు 40, 50 మాత్రమే. బూర తేలిక గనుక మీట వేసిన వెంటనే వేగమందుకొనును. డ్రమ్ము బరువు గనుక వెనుకబడి, కొన్ని క్షణములకు గాని దారికి రాదు. ఈ వెనుకబాటు లెస్లీ ఉద్దేశించినదో కాదో గాని, వాదకులు మిక్కిలి మెచ్చినది దానినే.

తిరుగు బూర మనవైపు వచ్చునపుడు శ్రుతి కొంచెము హెచ్చును, తొలగిపోవునపుడు తగ్గును. ఆస్ట్రియాదేశస్థుడు డాప్లరు 1842 లో ఈ ధర్మమును ప్రతిపాదింపగా, హాలెండులో బయిస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు 1845 లో బూరగాండ్రను రైలుబండి నెక్కించి ఊదింపించి, సంగీతజ్ఞులను కట్టప్రక్కన నిలిపి నిజము నిగ్గుదేల్చెను. లెస్లీ పెట్టెలో ఆ రైలుబండి పెట్టెలోనే చుట్లు కొట్టుచున్నది. బూర మూతి అడుగున్నర లోపు వ్యాసముగల చక్రముగ తిరుగునని లెక్కించినచో, పూర్తివేగమున శ్రుతిలోని ఊగిసలాట అటునిటు నూటికి రెండువంతులు, అనగా అర్ధస్వరములో ఇంచుమించుగ మూడవవంతు. ఇది యంతయు గాక, బూర మన కభిముఖమైనపుడు ధ్వని బిగ్గరగను స్ఫుటముగను, పెడమొగమైనపుడు తగ్గి మృదువుగను వినబడును. గోడల వైపు తిరిగినపుడు గోడలనుండి వచ్చును. ఊరేగింపులో నాదస్వర విద్వాంసుడు తన్మయుడై వాద్యమును కుడియెడమలకు త్రిప్పుచు వాయించునపుడు, ప్రక్కన నడుచువారికి నాదము వెలుగుచు మలగుచు వచ్చును గదా; ఆ యనుభవమును యంత్రముచే నిమిషమునకు వందలసార్లు చేయించినట్లనుకొనవచ్చును. ఫలితముగ, గది ఎంత చిన్నదైనను ధ్వని గదిలోని ప్రతి గోడను పలుకరించి వచ్చును. ఎక్కడ పెట్టవలెనను ప్రశ్నకు లెస్లీ చెప్పిన సమాధానము, ఎక్కడను నిలుపవద్దని.

1940 లో లెస్లీ తన పెట్టెను హామండు సంస్థకు చూపెను. వారు వలదనిరి. అతడు ఎలక్ట్రో మ్యూజిక్ అను పేర సొంత సంస్థను నెలకొల్పి, 1941 నుండి వైబ్రటోన్ మొదలగు పేర్లతో అమ్మ నారంభించి, తుదకు తన పేరే పెట్టెకు పెట్టెను. హామండునకు ఇది సహింపరాని విషయమయ్యెను. తన వాద్యమును అసంపూర్ణమని పరోక్షముగ జాటుచున్న ఈ పెట్టెను అమ్మవలదని వ్యాపారులను శాసించెను. స్పీకరు తగిలించు ఏర్పాటును మార్చి లెస్లీ పెట్టె కలుపుటకు వీలుగాకుండ జేయించెను. లెస్లీ ప్రతి మార్పునకును తగిన అడాప్టరును తయారుచేసి యిచ్చెను. ప్రకటనలకై అతడు పెద్దగ ఖర్చుపెట్టనక్కఱయు లేకపోయెను. హామండు కొన్నవారు తామే వచ్చి లెస్లీని కొనుచుండిరి. హామండు పట్టుదలను నేను కేవలము అసూయ యనజాలను. శ్రుతిని సూదిమొనంత కదలకుండ నిలుపుటకు తన బుద్ధినంతయు వెచ్చించినవాడు, ఆ శ్రుతినే గిరగిర త్రిప్పి వంకరచేయు పెట్టెను తన సరకు ప్రక్కన నిలిపి అమ్ముమనిన ఎట్లు సమ్మతించును? 1960 లో ఆయన విశ్రాంతి తీసికొనిన పిమ్మట గాని ఆ వైరము సడలలేదు.

ఆ లోపల వాద్యము ఆయన యూహింపని చేతులలో బడెను. పైపు ఆర్గను కట్టించుకొనలేని నల్లజాతివారి చర్చీలకు హామండు అందుబాటులోనికి వచ్చి, లెస్లీతో గూడి, గాస్పెలు సంగీతమున విడరాని భాగమయ్యెను. ప్రసంగి గొంతు మెల్లగ నున్నంతసేపు బూర మెల్లగ దిరుగును; ఆయన స్వరము పైకి లేచి సభ ఊగునపుడు వాదకుడు చేతిదాపున నున్న చిన్న మీటను త్రోయగా, బూర వేగమందుకొని నాదము వడకుచు నింగికెగయును. ఆ మీట క్రమముగ కాలి పెడలుతోను, లాగుడుకడ్డీలతోను సమానమైన వాద్యాంగమయ్యెను. 1956 లో బ్లూ నోట్ సంస్థ రికార్డులతో వెలికివచ్చిన జిమ్మీ స్మిత్తు జాజ్ సంగీతమున ఆర్గనునకు నూతన మార్గము దీసెను. 1966 ఏప్రిలులో లండనులోని ఈ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్సువారు రికార్డు చేయుచుండగా, తన గొంతు దలైలామా కొండకొననుండి జపించినట్లు వినబడవలెనని జాన్ లెనన్ కోరెననియు, జెఫ్ ఎమెరిక్ అను ఇంజనీరు ఆ గొంతును లెస్లీ పెట్టెగుండ బంపి, ఆ ధ్వనిని మైకుతో మఱల బట్టెననియు ప్రసిద్ధి. ఆర్గనుకై పుట్టిన నోరు మనుష్యుని గొంతునకు సయితము నోరయ్యెను.

అయితే ఆరాధనమందిరములలో ఈ వడకుడు అందఱకును నచ్చలేదు. బాహ్ కృతులను వాయించువానికి కావలసినది నిండుదనమే గాని ఊగిసలాట కాదు. పెన్సిల్వేనియాలోని ఆలెన్ సంస్థ స్థాపకుడైన జెరోమ్ మార్కొవిట్జు వేఱు త్రోవ త్రొక్కెను. 1939 లో తొలి వాద్యమును అమ్మిన ఆ సంస్థ చక్రములకు బదులు వాక్యూమ్ ట్యూబుల డోలకములను వాడుట మొదలిడెను. డోలకములు వేఱువేఱు గనుక, గొట్టములలోవలె, వానిలో సహజమైన సూక్ష్మభేదముండును. 1949 లో వారును స్పీకర్లను త్రిప్పు చక్రమునొకదానిని జైరోఫోనిక్ ప్రొజెక్టరను పేర వెలువరించిరి. 1971 లో డిజిటలు ఆర్గనును తొలిసారి విపణికి దెచ్చినదియు ఆ సంస్థయే.

స్పీకర్ల సంఖ్య పెరుగుట మఱొక మార్గము. ఒక స్పీకరు కాగితము మంద్రస్వరమునకై వెనుకకు ముందునకు ఊగుచుండగా, దానిపైననే పలుకు సన్నని స్వరము కలుషితమగును; కావున మంద్రమునకు వేఱు పెట్టె. పైపు ఆర్గనులో ప్రక్కప్రక్క అర్ధస్వరముల గొట్టములను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చొప్పున పంచు పద్ధతి పూర్వమునుండి కలదు. విద్యుదార్గనులలోను మీటల స్వరములను అట్లే వేఱువేఱు చానెళ్లకు పంచిరి. అమర్చు చోటు విషయమున అనుభవజ్ఞులు నేర్చిన పాఠములు సరళమైనవే. స్పీకరును నేలమీద నుంచి ముందువరుసవారి మొగమునకు సూటిగ త్రిప్పినచో, ముందువారికి చెవులు గింగురుమనును, వెనుకవారికి మందముగ వినబడును. ఎత్తైన గాలరీలో నుంచి కప్పునకో ఎదుటి గోడకో అభిముఖముగ జేసినచో అది మందిరమంతయు సమముగ వ్యాపించును. లోతైన అరలో పెట్టి మందపు గుడ్డ కప్పినచో తారస్వరములు ఆ గుడ్డలోనే ఆగిపోవును. వాదకునకు స్పీకరు వినబడనిచోట కుర్చీ వేసినచో, పాపము, అతడు సభను చెవిటిచేయునంత బిగ్గరగ వాయించును. ఈ చివరి పొరపాటు మిక్కిలి సాధారణము. వాద్యపు బల్లయు స్పీకరును వేఱువేఱు కాంట్రాక్టరుల చేతులలో నుండుటయే దీనికి కారణమని నా యభిప్రాయము.

లెస్లీ సంస్థ 1965 లో సి.బి.ఎస్. చేతికి వచ్చెను, 1980 లో హామండు సంస్థ దానిని కొనెను. లారెన్స్ హామండు 1973 లోనే గతించుటచే ఆ క్రయమును చూడలేదు. లెస్లీ 2004 వఱకు జీవించి చూచెను. రెండు పేర్లును తుదకు జపానుదేశపు సుజుకి సంస్థ క్రిందికి వచ్చి, హామండుతో కలిపి లెస్లీయని పలుకుట యథావిధి యయ్యెను. నేడు చేతిసంచిలో పట్టు విద్యుద్వాద్యములలో చిన్న చిప్పు బూర తిరుగుటను, డ్రమ్ము వెనుకబడుటను, కఱ్ఱ చీలికలగుండ వచ్చు ధ్వనిభేదమును గణితముతోనే అనుకరించుచున్నది. రికార్డింగు ఇంజనీర్లు బూరకు రెండు, డ్రమ్మునకు ఒకటి చొప్పున మైకులు పెట్టి, వాని దూరమును అంగుళములలో సవరించెడివారు గనుక, అనుకరణ నిర్మాతలు ఆ మైకులను గూడ అనుకరించి, ఎంత దూరమున నుంచవలెనో ఎన్నుకొనుటకు నొక మీట నిచ్చిరి. వాయించువాడు దానిని అడుగున కొకమాఱు, మూడడుగులకొకమాఱు త్రిప్పిచూచి, తాను చిన్ననాట రికార్డులలో విన్న దూరమువద్ద ఆపును.